దుమ్మును లెక్కగట్టిన ఊరు

వాషింగ్టన్‌లో వియత్నాం యుద్ధ మృతుల స్మారకం ఒక నల్లరాతి గోడ. 1982 నవంబరు 13న దాన్ని జాతికి అంకితం చేసేనాటికి దాని మీద 57,939 పేర్లున్నాయి. తర్వాత మరికొన్ని చేరి ఆ లెక్క 58 వేలు దాటింది. నమూనా గీసిన మాయా లిన్ అప్పటికి ఇంకా విద్యార్థిని. అద్దంలా మెరవాలి, చూసేవాళ్ల ముఖం అందులో కనబడాలి అని ఆమె కోరుకుంది. అంతటి నలుపు, అంతటి నునుపు ఉన్న రాయి కోసం వెతికి వెతికి చివరకు బెంగళూరు నుంచి తెప్పించారు. ఓడెక్కి వెళ్లిన ఆ రాయిని కోసి, పాలిష్ పట్టి, పలకలుగా మలిచింది వెర్మాంట్ రాష్ట్రంలోని బ్యారీ అనే చిన్న ఊళ్లో.

బ్యారీ జనాభా ఇప్పుడు దాదాపు 8,500. మన దగ్గర మండల కేంద్రం పాటి ఊరు. అయితే రాతిని నమ్ముకుని బతికిన ఊళ్లకు ఏం జరుగుతుందో, ఏం జరగకుండా ఆపుకోవచ్చో తెలియాలంటే ఇంతకన్నా మంచి పాఠం దొరకడం కష్టం. కరీంనగర్, చీమకుర్తి, బల్లికురవ, టెక్కలి, ఖమ్మం, తాండూరు, బేతంచెర్ల, మార్కాపురం వాసులకు ఈ ఊరి కథ పరాయిది అనిపించదు. అక్కడ వందేళ్ల క్రితం ఎదురైన ప్రశ్న ఇవాళ మన క్వారీల ముందూ ఉంది. వాళ్లు ఆలస్యంగానైనా జవాబు వెతుక్కున్నారు. మనం ఆ ప్రశ్నే ఇంకా గట్టిగా వేసుకోలేదు.

బ్యారీ పక్కన మిల్‌స్టోన్ కొండ ఉంది. 1812లో బ్రిటన్‌తో మొదలైన యుద్ధం ముగిసిన రోజుల్లో అక్కడ రాయి తీయడం మొదలైంది. మొదట్లో తిరగళ్లు, గడపలు, మెట్లు, కంచె స్తంభాలు చేసేవారు. 1830ల్లో రాష్ట్ర రాజధాని మాంట్‌పీలియర్‌లో శాసనసభ భవనం కట్టినప్పుడు ఈ కొండ రాయి తొలిసారి పెద్ద పనికి వెళ్లింది. గుర్రాలు, ఎద్దులు కట్టిన బండ్ల మీద, మంచు పడితే స్లెడ్జి బండ్ల మీద దిమ్మెల్ని ఈడ్చుకెళ్లారు. 1857లో ఆ భవనం తగలబడింది. ముందున్న రాతి స్తంభాల మండపం మాత్రం చెక్కుచెదరలేదు, నేటికీ ఉంది.

రాయి ఎంత మంచిదైనా దాన్ని మోసుకెళ్లే దారి లేకపోతే కొండ కొండగానే ఉంటుంది. 1875లో బ్యారీకి రైలు వచ్చింది. 1888 ప్రాంతంలో ఏకంగా కొండ పైదాకా, క్వారీల అంచుల దాకా పట్టాలు వేశారు. అంతే, ఊరు పొంగిపోయింది. 1880లో 2 వేల చిల్లర ఉన్న జనాభా 1910 నాటికి 10 వేలు దాటింది. అమెరికా అంతర్యుద్ధంలో చనిపోయిన సైనికుల కోసం ఊరూరా స్మారకాలు నిలబెడుతున్న కాలమది. మరకలు లేని, సన్నని రేణువులున్న బూడిదరంగు బ్యారీ గ్రానైట్ దేశమంతటి శ్మశానాలకూ చేరింది.

పనివాళ్లు ఎక్కడి నుంచి వచ్చారు? మొదట స్కాట్లాండ్‌లో గ్రానైట్‌కు పేరుపడ్డ అబర్డీన్ నుంచి. వాళ్ల వెనకే ఉత్తర ఇటలీ నుంచి శిల్పులు వచ్చారు. పాలరాతికి పేరుమోసిన కరారా వాళ్లు కొందరు, లొంబార్డీలోని విజ్జూ వంటి శిల్పుల ఊళ్ల వాళ్లు ఇంకొందరు. స్పెయిన్, స్వీడన్, ఫ్రెంచి కెనడా నుంచీ వచ్చారు. పొట్ట చేతబట్టుకుని వచ్చిన మామూలు కూలీలు కారు వీళ్లు. ఇటాలియన్లలో చాలామంది చిన్ననాటి నుంచీ ఉలి పట్టినవాళ్లు, కొందరు శిల్ప పాఠశాలల్లో బొమ్మ గీయడం నేర్చుకున్నవాళ్లు. 1899లో స్కాట్లాండ్ వాళ్లు తమ కవి రాబర్ట్ బర్న్స్ విగ్రహాన్ని ఊరి నడిబొడ్డున నిలబెట్టారు. చందాలు స్కాట్లాండ్ వాళ్లవి, చెక్కిన చేతులు ఇటాలియన్లవి. విగ్రహాన్ని శామ్యూల్ నొవెల్లి చెక్కాడు. పీఠం చుట్టూ ఉన్న దృశ్యాలను ఎలియా కోర్తి చెక్కాడు. గ్రానైట్ మొండి రాయి, పాలరాయిలా ఉలికి లొంగదు. అందులో బర్న్స్ కవితల్లోని మనుషుల్నీ ముఖాల్లోని భావాల్నీ పలికించడం మామూలు నేర్పు కాదు.

ఉలితో పాటు ఆలోచనలూ వచ్చాయి. ఇటాలియన్ పనివారు 1900లో సొంత చేతులతో కార్మిక భవనం కట్టుకున్నారు. గుమ్మం పైన సుత్తి పట్టిన చేయి చెక్కిన రాతి గుర్తు ఈనాటికీ ఉంది. సభలు, నాటకాలు, నృత్యాలు, సహకార దుకాణం అన్నీ అక్కడే. తర్వాత దాని వెనకే సహకార బేకరీ కూడా పెట్టుకున్నారు. అరాచకవాది లుయీజీ గాల్యానీ 1903లో తన ఇటాలియన్ పత్రిక ‘క్రొనాకా సొవ్వెర్సీవా’ను ఈ ఊరి నుంచే మొదలుపెట్టాడు. 1912లో మసాచుసెట్స్‌లోని లారెన్స్ పట్టణంలో బట్టల మిల్లు కార్మికులు సమ్మె చేసినప్పుడు, తిండికి మాడుతున్న వాళ్ల పిల్లల్లో 35 మందిని బ్యారీ రాతిపనివారు తెచ్చుకుని ఇళ్లల్లో పెట్టుకుని చూసుకున్నారు. 1916లో ఒకసారి, 1929లో ఇంకోసారి ఈ ఊరు సోషలిస్టును మేయరుగా ఎన్నుకుంది.

ఆ రాజకీయాలు రక్తం కూడా చిందించాయి. 1903 అక్టోబరులో కార్మిక భవనంలో సభకు ముందు సోషలిస్టులకూ అరాచకవాదులకూ గొడవ జరిగింది. అందులో తుపాకీ గుండు తగిలి బర్న్స్ పీఠాన్ని చెక్కిన ఎలియా కోర్తి చనిపోయాడు. అప్పటికి అతనికి 34 ఏళ్లు. తోటి శిల్పులు, సొంత సోదరుడు కలిసి అతని నిలువెత్తు రూపాన్ని ఒకే రాతిలో చెక్కి సమాధి మీద పెట్టారు. చెంపకు చేయి ఆనించి కూర్చున్న మనిషి, కోటు ముడతలు, కాళ్ల దగ్గర అతని పనిముట్లు. ఆ పనిముట్లలో గాలి ఒత్తిడితో నడిచే సుత్తి కూడా ఉంది. ఆ ఊరి శిల్పుల్లో ఎక్కువమందిని చంపింది తుపాకీ కాదు, ఆ సుత్తి.

అంతకు ముందు రాతిపనివాడు చేతి సుత్తితో, ఉలితో చెక్కేవాడు. పగిలిన పెచ్చులు పెద్దవి, కిందపడిపోయేవి. షెడ్లు కూడా ఒక పక్క తెరిచి ఉండేవి. 1890ల తర్వాత కంప్రెసర్ గాలితో నడిచే పనిముట్లు వచ్చాయి. నిమిషానికి వందల దెబ్బలు వేసే ఆ సుత్తి రాతిని పిండి చేస్తుంది. బండల పైభాగాన్ని చదును చేసే యంత్రాలు ఇంకా ఎక్కువ దుమ్ము లేపేవి. తల మీద క్రేన్లు నడవడానికి పొడవాటి మూత షెడ్లు కట్టారు. వెర్మాంట్ చలికాలం అంటే గడ్డకట్టించే చలి, తలుపులు బిగించి పని చేయాల్సిందే. పక్కన నిలబడ్డ మనిషి కనబడనంత దుమ్ములో రోజంతా చెక్కి, బట్టలు దులుపుకుని ఇంటికి వెళ్లేవారు.

గ్రానైట్‌లో నాలుగో వంతు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ క్వార్ట్జ్ ఉంటుంది. కంటికి ఆనని దాని నలుసులు ఊపిరితిత్తుల అడుగు దాకా పోయి అక్కడే ఉండిపోతాయి. వాటి చుట్టూ మచ్చలు కట్టి, మెత్తని ఊపిరితిత్తి మెల్లమెల్లగా గట్టిపడుతుంది. ఈ జబ్బే సిలికోసిస్. మొదట మెట్లెక్కితే ఆయాసం, ఆ తర్వాత మాట్లాడితే ఆయాసం, చివరికి మంచం. మందు అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. దుమ్ము పట్టిన ఊపిరితిత్తిని క్షయ త్వరగా ఆక్రమిస్తుంది. అందుకే బ్యారీలో చాలా ఏళ్లపాటు మరణ ధ్రువపత్రాల మీద క్షయ అనే రాశారు. 1920ల తొలినాళ్లలో ఊళ్లోనే శానిటోరియం తెరవాల్సి వచ్చింది. దుమ్ము ఎక్కువగా లేచే షెడ్లలో పని చేసినవాళ్లు నలభైలు, యాభైల్లోనే రాలిపోయారు. వాళ్ల భార్యలు ఇళ్లల్లో అద్దెకు మనుషుల్ని పెట్టుకుని వండిపెట్టారు. మద్యనిషేధం రోజుల్లో వంటింట్లో దొంగచాటుగా సారా, ద్రాక్షసారాయి అమ్మి పిల్లల్ని పెంచినవాళ్లూ ఉన్నారు.

ఇక్కడి నుంచి బ్యారీ కథ మన రాతి ఊళ్ల కథకు వేరుపడుతుంది. అక్కడ చావుల్ని లెక్కపెట్టేవాళ్లు పుట్టుకొచ్చారు.

ఫ్రెడరిక్ హాఫ్‌మన్ ఒక జీవిత బీమా సంస్థలో గణాంక నిపుణుడు. ఏ పని చేసేవాళ్లు ఎంతకాలం బతుకుతారో లెక్కగట్టడం అతని వృత్తి. గ్రానైట్ పనివారి సంఘం దగ్గరున్న మరణాల వివరాలనూ వెర్మాంట్ రికార్డులనూ ముందు పెట్టుకుని అతను చేసిన అధ్యయనాన్ని 1922లో అమెరికా కార్మిక గణాంక శాఖ ప్రచురించింది. అందులో తేలిన విషయం మనసును కుదిపేస్తుంది. దేశంలో క్షయ మరణాలు తగ్గుతూ వస్తున్న కాలంలోనే గ్రానైట్ చెక్కేవారిలో పెరుగుతూ పోతున్నాయి. ఆ పెరుగుదల గాలి సుత్తులు వచ్చిన తర్వాతదే. ఇది సూక్ష్మక్రిమి ఒక్కదాని పని అయితే అలా జరగదు. తర్వాత అమెరికా ప్రజారోగ్య శాఖ వైద్యులు 1924 నుంచి రెండేళ్లపాటు బ్యారీలోనే ఉండి ఒక్కొక్క పనివాడినీ పరీక్షించారు, ఎక్స్‌రేలు తీశారు, షెడ్ల గాలిలో ఘనపుటడుగుకు ఎన్ని దుమ్ము రేణువులున్నాయో కొలిచారు. 1929లో నివేదిక వచ్చింది. ఎక్కువ దుమ్ములో ఎక్కువ కాలం పనిచేసిన వాళ్లందరికీ దాదాపుగా ఈ జబ్బు వచ్చినట్టు అందులో ఉంది. దుమ్మును ఫలానా మోతాదుకు తగ్గిస్తే మనిషి బతుకుతాడని అంకెతో సహా చెప్పింది. పని ప్రదేశంలో దుమ్ముకు హద్దు ఎంత ఉండాలనే చర్చకు ప్రపంచమంతా ఆ అంకెల్ని చాలాకాలం ఆధారంగా తీసుకుంది.

నివేదిక వచ్చిన మర్నాడే యజమానులు యంత్రాలు బిగించారనుకుంటే పొరపాటు. 1922లో జీతాల కోత మీద పెద్ద సమ్మె జరిగింది. యాజమాన్యాలు సంఘంలో లేనివాళ్లనే పనిలోకి తీసుకుంటామని పట్టుబట్టి ఫ్రెంచి కెనడా నుంచి పనివారిని దించాయి. ఆ గాయం ఊళ్లో తరాలపాటు మానలేదు. 1933లో మళ్లీ సమ్మె, మిలిటరీ దిగింది. దుమ్మును పీల్చే గొట్టాలకు ఖర్చవుతుందని, ఇంత ఖర్చు పెడితే పరిశ్రమ నిలవదని యజమానులు అంటూనే ఉన్నారు. మన దగ్గరా అదే మాట వినిపిస్తుంది. చివరకు 1937 తర్వాత రాష్ట్ర ప్రభుత్వం పారిశ్రామిక ఆరోగ్య విభాగం పెట్టి, షెడ్డు షెడ్డుకూ వెళ్లి గాలిని కొలిచింది. ప్రతి పనిముట్టు ముందూ దుమ్మును పుట్టిన చోటే లాక్కునే గొట్టం పెట్టించింది. 1940ల మొదటికి దాదాపు అన్ని షెడ్లలో అవి వచ్చేశాయి. ఏటా ఎక్స్‌రే తీసే ఏర్పాటు జరిగింది.

ఫలితం కళ్లముందే కనబడింది. 1937 తర్వాత పనిలో చేరినవాళ్లను దాదాపు ఇరవై ఏళ్లకు మళ్లీ పరీక్షిస్తే సిలికోసిస్ కనబడలేదు. క్షయకు స్ట్రెప్టోమైసిన్ వంటి మందులు రావడం కూడా ప్రాణాలు నిలిపింది, ఆ మాట చెప్పకపోతే అన్యాయం. కాని ఊపిరితిత్తుల్లో మచ్చలు కట్టకుండా ఆపింది మందులు కావు, గొట్టాలు. మరి గొట్టాలు పెట్టాక పరిశ్రమ మూతపడిందా? లేదు. బ్యారీ క్వారీ ఇవాళ దాదాపు 600 అడుగుల లోతున ఇంకా నడుస్తోంది. తర్వాతి కాలంలో పని తగ్గిందంటే దానికి కారణాలు వేరు. శవాలను పూడ్చే బదులు దహనం చేయడం పెరగడం ఒకటి, చవకగా దిగుమతి అయ్యే రాయి ఇంకొకటి. ఆ దిగుమతుల్లో భారతదేశపు గ్రానైట్ కూడా ఉంది.

ఆ ఊరి హోప్ శ్మశానంలో స్మారకాలన్నీ బ్యారీ గ్రానైట్‌వే. అందులో లూయీ బ్రూసా సమాధి ఒకటి. 1937లో సిలికోసిస్‌తో చనిపోయిన శిల్పి అతను. సమాధి మీద, ఓపిక ఉడిగి వెనక్కి వాలిపోతున్న రాతిపనివాడు, అతన్ని పట్టుకున్న భార్య. తన వృత్తి తనను ఎలా చంపిందో తన వృత్తితోనే చెప్పించుకున్నాడు.

ఇప్పుడు మన సంగతి. కరీంనగర్ నుంచి టాన్ బ్రౌన్ దిమ్మెలు రైలెక్కి కాకినాడ రేవుకు, అక్కడి నుంచి చైనాకు వెళ్తాయి. ప్రకాశం జిల్లా చీమకుర్తిలో దొరికే గెలాక్సీ గ్రానైట్, నల్లని రాతిలో బంగారు చుక్కలు మెరిసే ఆ రాయి, ప్రపంచంలో మరో చోట దొరకదని వ్యాపారులు చెప్పుకుంటారు. అందులోని మెరుపు బ్రాంజైట్ అనే ఖనిజానిది. బేతంచెర్ల నాపరాళ్లు, తాండూరు బండలు తెలుగు నేల మీద పరచని ఇల్లు తక్కువ. పలకల మీద అక్షరాలు దిద్దిన తరాలన్నిటికీ మార్కాపురం రాయి తగిలే ఉంటుంది. రాయిని బట్టి ముప్పు మారుతుందన్నది కూడా నిజమే. చీమకుర్తి నల్లరాయిలో క్వార్ట్జ్ చాలా తక్కువ, సున్నపురాయి కోతలోనూ సిలికా భయం తక్కువే. కరీంనగర్ గ్రానైట్ అలాంటిది కాదు. రోడ్ల కంకర కొట్టే క్రషర్ల రాయీ అలాంటిది కాదు. పలక రాయి కూడా కాదు. మధ్యప్రదేశ్‌లోని మందసౌర్‌లో పలక పెన్సిళ్లు కోసే కార్మికుల్ని జాతీయ వృత్తిపర ఆరోగ్య సంస్థ 1980ల నాటికే పరీక్షించి, సిలికోసిస్ ఎంత దారుణంగా ఉందో చూపించింది. ఏ ఊరి గాలిలో ఎంత సిలికా ఉందో ఊరూరా కొలిచి చెప్పాలి. అన్ని రాళ్లూ ఒకటే అని భయపెట్టడమూ తప్పే, ఏ రాయీ ఏమీ చేయదని ఊరుకోవడమూ తప్పే.

ప్రమాదం జరిగితే అందరికీ తెలుస్తుంది. 2025 ఆగస్టులో బాపట్ల జిల్లా బల్లికురవ దగ్గర క్వారీలో బండ విరిగిపడి ఒడిశా నుంచి వచ్చిన ఆరుగురు కార్మికులు చనిపోయారు. ఆ రోజు కలెక్టరు వెళ్లారు, మంత్రులు మాట్లాడారు, పరిహారం ప్రకటించారు. అది జరగాల్సిందే. కాని అదే క్వారీల్లో డ్రిల్లింగ్ పట్టి, పదేళ్లు దుమ్ము మింగి, దగ్గుతూ గంజాం జిల్లాకో, సేలానికో, బీహార్‌కో తిరిగి వెళ్లిపోయిన మనిషి ఏ లెక్కలోకీ రాడు. తరతరాలుగా రాళ్లు కొట్టి బతికిన వడ్డెర కుటుంబాల్లో అకాల మరణాలూ అంతే. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో కఫం పరీక్ష చేస్తారు, ఎక్స్‌రేలో మచ్చలు కనబడితే టీబీ మందులు మొదలుపెడతారు. ఆరు నెలల కోర్సు అయ్యాక ఆయాసం తగ్గదు. మళ్లీ కోర్సు. బ్యారీ మరణ ధ్రువపత్రాలు నూరేళ్ల కిందట చేసిన తప్పే ఇది. ఏం పని చేస్తావని డాక్టరు ఒక్క ప్రశ్న అడిగితే సగం సంగతి అక్కడే తేలిపోతుంది.

చట్టం లేక కాదు ఇదంతా. 2025లో కొత్త కార్మిక స్మృతుల్లో కలిసిపోయేదాకా 1952 గనుల చట్టం, 1948 ఫ్యాక్టరీల చట్టం సిలికోసిస్‌ను ప్రభుత్వానికి తప్పక తెలియజేయాల్సిన జబ్బుల్లో చేర్చాయి. అలాగే కలిసిపోయిన 1923 నాటి కార్మిక పరిహార చట్టం దీన్ని వృత్తి జబ్బుగా గుర్తించి పరిహారానికి దారి చూపింది. కాని పరిహారం అడగాలంటే ఫలానా క్వారీలో పనిచేశానని కాగితం చూపించాలి. ముఠా మేస్త్రీ చేతి మీదుగా కూలి తీసుకుని, ఏడాదికి రెండు మూడు క్వారీలు మారే మనిషి దగ్గర ఏ కాగితం ఉంటుంది? పేరు మస్టరులో లేనివాడికి జబ్బు వచ్చినా అది ఎవరి బాధ్యతా కాకుండా పోతుంది. క్వారీ లైసెన్సుకు, సీనరేజి వసూలుకు, రవాణా పర్మిట్లకు కాగితాలు పక్కాగా ఉండే చోట మనిషికి మాత్రం కాగితం ఉండదు. దిమ్మె బయటికి వెళ్తే ఎన్ని ఘనపు మీటర్లో గనుల శాఖకు తెలుస్తుంది. దాన్ని కోసిన మనిషి ఊపిరితిత్తి ఎంత మిగిలిందో ఏ శాఖకూ తెలియదు.

రాజస్థాన్ ఈ విషయంలో మనకన్నా ముందు నడిచింది. ఇసుకరాయి, పాలరాయి గనుల రాష్ట్రం అది. కార్మికులు, స్వచ్ఛంద సంస్థలు, మానవ హక్కుల సంఘం ఏళ్ల తరబడి పోరాడిన మీదట 2019లో ఆ రాష్ట్రం ప్రత్యేకంగా ఒక విధానం తెచ్చింది. జబ్బు ఉన్నట్టు వైద్య బోర్డు నిర్ధారించగానే 3 లక్షల రూపాయలు, చనిపోతే కుటుంబానికి ఇంకో 2 లక్షలు, నెలనెలా పింఛను. యజమాని ఎవరో నిరూపించాల్సిన అవసరం లేకుండా ప్రభుత్వమే చెల్లించడం అందులోని గొప్ప సంగతి. దాని అమలులో జాప్యాలున్నాయి, దొంగ ధ్రువపత్రాల గొడవలూ వచ్చాయి. అయినా వేలమంది రోగులు మొదటిసారి ప్రభుత్వ లెక్కలోకి ఎక్కారు. రెండు తెలుగు రాష్ట్రాలూ ఆ విధానాన్ని తెప్పించుకుని, లోపాలు సరిదిద్దుకుని, తమ క్వారీ జిల్లాల్లో అమలు చేయాలి. ఇది పెద్ద ఖర్చు కూడా కాదు. 2015లో గనుల చట్టానికి చేసిన సవరణతో ప్రతి గనుల జిల్లాలో జిల్లా ఖనిజ నిధి ఏర్పడింది. గనుల తవ్వకం వల్ల నష్టపోయిన ప్రాంతాల కోసమే ఆ డబ్బు. అందులో ఆరోగ్యం ప్రాధాన్య రంగం. ఆ డబ్బుతో సిమెంటు రోడ్లు వేయడానికి పోటీపడే ప్రజాప్రతినిధులు, క్వారీ మండలాలకు ఒక్కో ఎక్స్‌రే వ్యాను, దాన్ని చదవడం నేర్చుకున్న ఒక్కో డాక్టరు కావాలని అడగవచ్చు.

దుమ్మును ఆపడం ఈ కాలంలో ఏమంత కష్టం? నీటితో తడుపుతూ డ్రిల్ చేయడం పాత పద్ధతే. పాలిషింగ్ యూనిట్లలో కోత ఎలాగూ నీటితోనే నడుస్తుంది. సమస్య క్వారీలో పొడి డ్రిల్లింగ్ దగ్గర, క్రషర్ దగ్గర, చేత్తో పట్టుకుని అంచులు నున్నగా చేసే గ్రైండర్ దగ్గర ఉంది. వాటికి నీళ్లు చిమ్మే గొట్టాలు, దుమ్ము పీల్చే గొట్టాలు బిగించవచ్చు. మొహానికి చుట్టుకున్న తువ్వాలు క్వార్ట్జ్ నలుసుల్ని ఆపలేదు. మన పట్టణాల వంటిళ్లలో ఇప్పుడు ఇష్టపడుతున్న కృత్రిమ క్వార్ట్జ్ పలకల సంగతి ఇంకా తీవ్రం, కొన్నిటిలో 90 శాతం దాకా సిలికా ఉంటుంది. వాటిని కోసే యువకులు కొద్ది ఏళ్లలోనే జబ్బు పడుతుండటంతో ఆస్ట్రేలియా 2024 జులై 1 నుంచి ఆ పలకల తయారీని, అమ్మకాన్ని, బిగింపును నిషేధించింది. మన దగ్గర వాటిని వీధి పక్క దుకాణం ముందు పొడి గ్రైండర్‌తో కోస్తున్నారు.

ఇంకో పని కూడా మిగిలి ఉంది, ఈ మనుషుల మాటల్ని రాసి పెట్టుకోవడం. 1930ల చివర్లో అమెరికా ప్రభుత్వం నిరుద్యోగ రచయితలకు పని కల్పించినప్పుడు మారి తొమాసీ, రోల్డస్ రిచ్‌మండ్ అనే ఇద్దరు బ్యారీలో ఇంటింటికీ తిరిగారు. శిల్పుల్ని, క్వారీ పనివారిని, సమ్మె విరిచినవాళ్లను, వితంతువుల్ని, బోర్డింగ్ ఇళ్లు నడిపిన ఆడవాళ్లను కూర్చోబెట్టి మాట్లాడించి రాసుకున్నారు. ఆ రాతప్రతులు 2004లో ‘మెన్ అగైన్‌స్ట్ గ్రానైట్’ పేరుతో పుస్తకంగా వచ్చాయి. తొమాసీ అదే ఊరి మీద 1949లో నవల కూడా రాసింది. కార్మిక భవనాన్ని చరిత్ర సంఘం కొని బాగు చేయించింది. పాత షెడ్డులో గ్రానైట్ మ్యూజియం పెట్టారు. అందుకే ఆ ఊళ్లో ఇవాళ ఎవరైనా తమ తాత ఎలా చనిపోయాడో చెప్పగలుగుతున్నారు.

మన రాతి ఊళ్ల కథ ఎవరు రాస్తారు? చీమకుర్తి మొదటి క్వారీల్లో పని చేసిన డ్రిల్లర్లలో పెద్దవాళ్లు ఇంకా ఉన్నారు. తాండూరులో గడ్డపారలతో బండలు విడగొట్టిన తరం, మార్కాపురంలో పలకలు కోసి చెక్క చట్రాలు బిగించిన ఆడవాళ్లు, కరీంనగర్ తొలి ఎగుమతుల రోజుల్లో జాక్‌హ్యామర్ పట్టిన పాలమూరు, ఒడిశా కూలీలు ఇంకా మాట్లాడగలరు. ఒంగోలు, కరీంనగర్‌లలో విశ్వవిద్యాలయాలున్నాయి. చరిత్ర, సామాజిక శాస్త్రం, భూగర్భ శాస్త్రం, జర్నలిజం చదివే విద్యార్థులకు ఒక సెమిస్టరు ప్రాజెక్టుగా ఇస్తే ఒక్కో విద్యార్థి నలుగురి మాటలు రికార్డు చేసి తీసుకురాగలడు. ఏ క్వారీలో, ఏ ఏడాది నుంచి ఏ ఏడాది దాకా, ఏ యంత్రం మీద, మొహానికి ఏం కట్టుకుని పని చేశారు, దగ్గు ఎప్పుడు మొదలైంది, తోటివాళ్లలో ఎవరెవరు ఎన్నేళ్లకు పోయారు. ఈ ప్రశ్నలకు వచ్చే జవాబులు చరిత్రకూ పనికొస్తాయి, వైద్య బోర్డు ముందూ పనికొస్తాయి. మస్టరు లేని మనిషికి, తోటి పనివాళ్లు సంతకం పెట్టి చెప్పిన అలాంటి వాంగ్మూలమే పని చేసినట్టు రుజువుగా తీసుకోవాలని రెండు ప్రభుత్వాలూ ఒక జీవో ఇస్తే చాలు, ఒడిశాకు తిరిగి వెళ్లిపోయిన డ్రిల్లరు కూడా అక్కడి నుంచే దరఖాస్తు పెట్టుకోగలడు.